రోబో సాయంతో రొమ్ము ఆపరేషన్: చిక్కులు ఎక్కడ వస్తాయి, వాటిని ఎలా నివారించాలి

రొమ్ము క్యాన్సర్‌కు రోబో సాయంతో ఆపరేషన్ చేయించుకునే వీలుందని పెద్ద నగరాల్లోని కొన్ని ఆసుపత్రులు ఇప్పుడు చెబుతున్నాయి. కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు ఇంచుమించు 210 కిలోమీటర్ల దూరం. కడప వారు తిరుపతికో చెన్నైకో వెళతారు. ఆపరేషన్ అక్కడ కొద్ది రోజుల్లో ముగుస్తుంది, గాయం మానడానికి పట్టే వారాలు మాత్రం ఇంటి దగ్గరే గడుస్తాయి. నీరు చేరడం, చీము పట్టడం, చర్మం నల్లబడటం వంటి చిక్కులు పూర్తిగా బయటపడేది ఆ వారాల్లోనే. అందువల్ల నివారణలో సగం పని సర్జన్‌దైతే, మిగతా సగం రోగిది, ఆమె ఇంటివారిది, ఊరికి దగ్గరలో ఉన్న ఆసుపత్రిది. ఆ రెండో సగం కోసమూ, మొదటి సగంలో ఏం జరగాలో తెలుసుకొని కుటుంబం ధైర్యంగా అడగగలగడం కోసమూ ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులోని ఏ మాటా మీ సర్జన్ ఇచ్చే సలహాకు బదులు కాదు.

ఆపరేషన్‌లో జరిగేది

రోబో అనగానే యంత్రమే కోసి కుట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సర్జన్ కొద్ది దూరంలో కన్సోల్ అనే నియంత్రణ బల్ల ముందు కూర్చొని, పెద్దదిగా, లోతు తెలిసేలా కనిపించే చిత్రాన్ని చూస్తూ తన చేతుల కదలికలతోనే సన్నటి పరికరాలను నడుపుతారు. రోగి పక్కన సహాయ సర్జన్ ఒకరు నిలబడి ఉంటారు. చంక కిందనో, రొమ్ము పక్క అంచునో సాధారణంగా 3 నుంచి 6 సెంటీమీటర్ల కోత పెడతారు. లోపల పని చేయడానికి చోటు ఏర్పడేందుకు కార్బన్ డయాక్సైడ్ వాయువును తక్కువ పీడనంతో, సుమారు 8 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర నింపుతారు. చర్మాన్నీ చనుమొననూ అలాగే ఉంచి, లోపలి రొమ్ము కణజాలాన్ని ఆ చిన్న కోతలోంచే బయటికి తీసి, అదే దారిన ఇంప్లాంట్, అంటే రొమ్ము ఆకారం నిలిపే కృత్రిమ సంచి, అమర్చడం ఎక్కువగా జరిగే పద్ధతి.

ఇటలీలోని మిలాన్ నగరంలో 2014 ప్రాంతంలో ఈ విధానం మొదలైంది. తర్వాత అక్కడే 80 మంది మహిళలతో జరిపిన పోలిక అధ్యయనంలో రోబో ఆపరేషన్‌కూ మామూలు ఆపరేషన్‌కూ మధ్య చిక్కుల విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. తమ రూపం పట్ల సంతృప్తి రోబో వర్గంలో ఎక్కువగా ఉంది; ఆపరేషన్‌కు పట్టిన సమయం కూడా గంటకు పైగా ఎక్కువే. రొమ్ము తొలగింపునకు రోబో వాడకం ఎంత సురక్షితమో, క్యాన్సర్‌ను అదుపులో ఉంచడంలో ఎంత మేలో ఇంకా రుజువు కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలో హెచ్చరించింది, 2021లో ఆ మాటనే మళ్లీ చెప్పింది. మచ్చ కనపడని చోట ఉండటం ఈ ఆపరేషన్ లాభం. చిక్కులు తక్కువని ఎవరైనా చెబితే మాత్రం ఆ మాటను అంత తేలికగా నమ్మకూడదని నా అభిప్రాయం.

అన్నింటికీ మూలం: చర్మానికి అందే రక్తం

రొమ్ము కణజాలం ఉన్నంతకాలం దానిలోంచి పైకి వచ్చే రక్తనాళాలు చర్మానికీ చనుమొనకూ రక్తం ఇస్తాయి. కణజాలం తీసేశాక ఆ దారి ఉండదు. చర్మం కింద మిగిలిన పలుచటి కొవ్వు పొరలో, అంచుల నుంచి పాకి వచ్చే సన్నని నాళాలే దిక్కు. చనుమొన అన్ని అంచులకూ దూరంగా ఉంటుంది కనుక, కె.సి. కెనాల్ చివరి ఆయకట్టుకు నీరు చేరినట్టు, దానికి రక్తం అన్నిటికంటే ఆఖరున, అన్నిటికంటే తక్కువగా చేరుతుంది. కొవ్వు పొర మరీ పలుచబడినా, కణజాలాన్ని కోసే కరెంటు పరికరం వేడి చర్మానికి తగిలినా, పెద్ద ఇంప్లాంట్ పెట్టడంతో చర్మం బిగుసుకుపోయినా, పొగాకులోని నికోటిన్ నాళాలను ముడుచుకుపోయేలా చేసినా ఆ కొద్ది రక్తమూ సరిపోక చర్మం నల్లబడుతుంది.

పైపైన నల్లబడితే పొట్టు ఊడి కింద కొత్త చర్మం వస్తుంది. లోతుగా చచ్చిపోతే ఆ భాగాన్ని కోసి తీయాలి, ఒక్కోసారి ఇంప్లాంట్‌నూ తీసేయాలి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: గాయం మానే దాకా కీమోథెరపీ, రేడియేషన్ మొదలుపెట్టడానికి వీలుండదు. ప్రాణం కాపాడే వైద్యం, రూపం కోసం చేసిన పని వల్ల వారాల తరబడి ఆగిపోకూడదు. ఇక్కడి నుంచి చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయానికి సంబంధించినవే.

తగినవారు, తగనివారు

చిక్కు రాకుండా చూసే మొదటి పని సరైన మనిషిని ఎంచుకోవడం. గడ్డ చనుమొనను గానీ చర్మాన్ని గానీ అంటుకొని ఉన్నవారికి, రొమ్మంతా ఎర్రబడి చర్మం మందమయ్యే వాపు రకం క్యాన్సర్ ఉన్నవారికి, చనుమొన నుంచి రక్తం కారేవారికి చనుమొనను ఉంచే ఆపరేషన్ తగదు. రొమ్ములు చాలా పెద్దవిగా, బాగా జారి ఉన్నవారికి చర్మం పొడవు ఎక్కువ కాబట్టి చివరి దాకా రక్తం చేరడం కష్టం. ఇంతకుముందు ఆ వైపు రేడియేషన్ తీసుకున్నవారు, షుగర్ అదుపులో లేనివారు, పొగాకు వాడేవారు, బరువు బాగా ఎక్కువగా ఉన్నవారు కూడా ఎక్కువ ప్రమాదం ఉన్నవారే. గడ్డకూ చనుమొనకూ మధ్య ఎంత దూరం ఉందో మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్‌ఐ చూసి ముందే నిర్ణయించాలి.

ఒప్పుకోలు పత్రం మీద సంతకం చేసే ముందు సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ ఆపరేషన్‌ను మీ బృందం ఇంతవరకు ఎందరికి చేసింది? వారిలో ఎందరికి చనుమొన నల్లబడింది, ఎందరికి ఇంప్లాంట్ తీసేయాల్సి వచ్చింది? మధ్యలో మామూలు కోతకు మారాల్సి వస్తే ఎవరు చేస్తారు? అదే ఆపరేషన్‌ను మామూలు పద్ధతిలో చేస్తే నాకు తేడా ఏమిటి? కొత్తగా నేర్చుకుంటున్న బృందానికి సమయం ఎక్కువ పడుతుంది, చిక్కులూ ఎక్కువ కావచ్చు. కాబట్టి ఇవి అడగడం మర్యాద తప్పడం కాదు. నిజాయితీగా పనిచేసే సర్జన్ తన లెక్కలు తానే చెబుతారు. సందేహం తీరకపోతే రెండో అభిప్రాయానికి కర్నూలు మెడికల్ కాలేజీ ప్రాంగణంలోని రాష్ట్ర క్యాన్సర్ సంస్థకో, తిరుపతి స్విమ్స్‌కో రిపోర్టులన్నీ పట్టుకొని వెళ్లవచ్చు. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద వచ్చేవారు రోబో ఖర్చు పథకంలోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రోబోకు అప్పు చేసి, కీమోకు డబ్బు లేక ఆగిపోవడం కంటే మామూలు ఆపరేషన్ వెయ్యి రెట్లు మేలు.

ముందు నెలలో చేయవలసినవి

పొగాకు మానడం అన్నింటికంటే ముఖ్యం. మన వైపు ఆడవారు సిగరెట్లు తాగడం అరుదే గానీ, పొగాకు నమిలేవారు, ఆకువక్కలో పొగాకు కలిపి వేసుకునేవారు, ముక్కుపొడి పీల్చేవారు ఉన్నారు. డాక్టర్ ‘సిగరెట్ తాగుతారా’ అని అడిగినప్పుడు లేదని చెప్పి ఊరుకోవడం వల్ల ఈ సంగతి మరుగున పడిపోతుంది. పొగాకు ఏ రూపంలో వెళ్లినా నికోటిన్ నికోటినే. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు నుంచి, గాయం మానే దాకా పూర్తిగా మానాలి. ఇంట్లో మగవారు బీడీ కాలిస్తే ఆ పొగ ఆమెకు తగలకుండా బయటే కాల్చాలి.

షుగర్ ఉన్నవారు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకొని, ఎక్కువగా ఉంటే మందులు సరిచేయించుకోవాలి. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో చక్కెర 180కి లోపు ఉండేలా చూస్తారు. రక్తహీనత ఉంటే ముందే సరిచేయాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మాత్రలు వేసుకుంటున్నారని, టామాక్సిఫెన్ గానీ గర్భనిరోధక మాత్రలు గానీ వాడుతున్నారని, నాటు మందులు తింటున్నారని దాచకుండా చెప్పాలి. వీటిలో కొన్ని రక్తస్రావాన్ని, కొన్ని కాళ్లలో రక్తం గడ్డకట్టడాన్ని పెంచుతాయి. ఏది ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్, సర్జన్ కలిసి చెబుతారు, సొంతంగా ఆపకూడదు. చంకలోని వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయకూడదు. కంటికి కనపడని గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి. తీయాల్సి వస్తే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. పంటి చీము, చర్మం మీద సెగగడ్డ, మూత్రంలో మంట ఉంటే ముందు వాటికి వైద్యం చేయించుకోవాలి.

థియేటర్‌లో బృందం చూసుకోవలసినవి

ఇక్కడ రోగి చేయగలిగేది ఏమీ లేదు. అయినా లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తర్వాత వచ్చే లక్షణాలు అర్థమవుతాయి. శస్త్రచికిత్స విద్యార్థులు, నర్సులు కూడా ఈ భాగాన్ని చూస్తారని ఆశిస్తున్నాను.

కోత పెట్టడానికి 60 నిమిషాల లోపు యాంటీబయోటిక్ ఇంజెక్షన్ పడాలి. చేతిని పక్కకు చాచినప్పుడు 90 డిగ్రీలు దాటకూడదు. గంటల తరబడి అంతకు మించి లాగి ఉంచితే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు సాగి, లేచాక చెయ్యి తిమ్మిరెక్కడమో బలహీనపడటమో జరుగుతుంది. మోచేయి, మడమల కింద మెత్తలు పెట్టాలి. రోబో చేతులు రోగి భుజాన్ని గానీ ముఖాన్ని గానీ నొక్కకుండా పక్కనున్న సర్జన్ కనిపెట్టి ఉండాలి, ఎందుకంటే కన్సోల్ దగ్గర కూర్చున్నవారికి అది కనపడదు.

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న యంత్రాల్లో సర్జన్ చేతికి స్పర్శ తెలియదు. ఎంత గట్టిగా లాగుతున్నారో కంటితో చూసి ఊహించాలి. ఈ కారణంగా చర్మపు పొరను బయటి నుంచి గమనించే రెండో మనిషి పాత్ర చాలా పెద్దది. ఆయన అరచేతితో చర్మాన్ని తాకి వేడెక్కుతోందా అని, లోపలి దీపం చర్మంలోంచి మరీ ప్రకాశంగా కనిపిస్తూ పొర పలుచబడుతోందా అని చెబుతూ ఉండాలి. కరెంటు పరికరాన్ని తక్కువ శక్తితో, చర్మానికి ఎడంగా, కొద్దికొద్ది సేపే వాడాలి. ముందుగా ఎక్కించే అడ్రినలిన్ కలిపిన సెలైన్ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది గానీ, మోతాదు ఎక్కువైతే చర్మపు నాళాలనూ ముడిచేస్తుంది. చనుమొన వెనుక కణజాలాన్ని వేరుగా పరీక్షకు పంపాలి. అందులో క్యాన్సర్ కనపడితే చనుమొనను ఉంచకూడదు.

కణజాలం బయటికి వచ్చాక, ఇంప్లాంట్ పెట్టే ముందు, ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును రక్తంలోకి ఎక్కించి ప్రత్యేక కెమెరాతో చూస్తే రక్తం అందుతున్న చోటు వెలుగుతుంది, అందని చోటు చీకటిగా ఉంటుంది. రక్తం సరిగా అందడం లేదని తెలిసినప్పుడు పూర్తి సైజు ఇంప్లాంట్ పెట్టకుండా, తర్వాత కొద్దికొద్దిగా నింపుకొనే ఎక్స్‌పాండర్ పెట్టి ఊరుకోవడమో, పునర్నిర్మాణాన్ని మరో రోజుకు వాయిదా వేయడమో మంచి నిర్ణయం. మామూలు కోతకు మారాల్సి వస్తే మారడమూ అంతే. ఇవేవీ సర్జన్ ఓటమి కాదని ఇంటివారు ముందే ఒప్పుకొని ఉంటే సర్జన్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

నింపిన వాయువు చిన్న సిరల మీద నొక్కుతూ రక్తస్రావాన్ని కప్పిపుచ్చుతుంది. కాబట్టి వాయువును వదిలేసి, బీపీని మామూలు స్థాయికి తెచ్చి, మరోసారి అంతా చూసిన తర్వాతే మూయాలి. ఆ వాయువులో కొంత చర్మం కింద పాకి మెడ వరకు ఉబ్బవచ్చు. వేలితో నొక్కితే కరకరమన్నట్టు తగులుతుంది. ఎక్కువమందిలో అది కొద్ది రోజుల్లో తానే పీల్చుకుపోతుంది. ఆయాసం, ఛాతీనొప్పి కలిగితే వెంటనే ఎక్స్‌రే తీయాలి.

మొదటి రెండు రోజులు, తర్వాత ప్రయాణం

మొదటి 24 గంటల్లో భయపడాల్సింది లోపల రక్తం చేరడం. ఒకవైపు రొమ్ము అకస్మాత్తుగా ఉబ్బి రాయిలా బిగుసుకోవడం, నొప్పి మందుకు లొంగకపోవడం, చర్మం ఊదారంగుకు తిరగడం, డ్రెయిన్ (గాయం లోపల చేరే నీటిని బయటికి తెచ్చే గొట్టం) సీసాలోకి ఎర్రటి రక్తం వేగంగా రావడం, గుండె దడ, కళ్లు తిరగడం దాని గుర్తులు. పక్కనున్నవారు తెల్లవారే దాకా చూద్దామనుకోకుండా డ్యూటీ నర్సును పిలవాలి. లోపల చేరిన రక్తపు గడ్డను త్వరగా తీసేస్తే చర్మమూ ఇంప్లాంటూ దక్కుతాయి.

డిశ్చార్జి అయిన రోజే బస్సెక్కడం మంచిది కాదు. వీలైతే మొదటిసారి కట్టు విప్పి చర్మం రంగు చూసే దాకా ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. కారులో వెళుతున్నప్పుడు సీటు బెల్టుకూ గాయానికీ మధ్య మెత్తటి తువ్వాలు మడిచి పెట్టుకోవాలి. గంటకోసారి ఆగి పది అడుగులు నడవాలి, తగినన్ని నీళ్లు తాగాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరుతున్నదేమోనని అనుమానించి, ఇల్లు చేరే దాకా ఆగకుండా దారిలోని ఆసుపత్రికే వెళ్లాలి. 108కు ఫోన్ చేయాలి.

ఇంట్లో

ఆపరేషన్ తర్వాత రొమ్ము చర్మానికి స్పర్శ సరిగా తెలియదు. ఈ మాటను ఇంట్లో పెద్దవారందరికీ వివరంగా చెప్పాలి, ఎందుకంటే నొప్పి అనగానే కాపడం పెట్టడం మన ఇళ్లలో అలవాటు. వేడినీళ్ల సంచి గానీ, వేడి ఇసుక మూట గానీ, ఐసుగడ్డ గానీ ఆ చర్మం మీద పెడితే ఆమెకు తెలియకుండానే చర్మం దెబ్బతింటుంది. గాయం మీద పసుపు, ఆకుపసరు, నూనె పెట్టకూడదు. రాసిచ్చిన ఆయింట్‌మెంట్ తప్ప మరేదీ దానికి తగలకూడదు.

రోజూ ఒకే వేళకు, పగటి వెలుతురులో చనుమొన రంగును చూడాలి. సర్జన్ అనుమతిస్తే ఫోన్‌తో ఫొటో తీసి ఆయనకు పంపితే మార్పు తేలికగా పట్టుబడుతుంది. కొద్దిగా కమిలినట్టుండటం మామూలే. ముదురు నీలం, నలుపు, నీటి పొక్కులు, తడిగా మారుతున్న మచ్చ కనపడితే అదే రోజు చెప్పాలి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటడం, ఎరుపు రోజురోజుకూ పాకడం, చీము వాసన, కుట్ల దగ్గర ఇంప్లాంట్ తెల్లగా కనపడటం ఆగదగ్గ లక్షణాలు కావు. వేసవిలో మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చంక కోత చెమటకు నానిపోకుండా గాలి తగిలే గదిలో ఉండాలి, ముందు వైపు బొత్తాలున్న వదులైన నూలు బట్టలు వేసుకోవాలి, తడిసిన కట్టును మార్పించుకోవాలి. ఆపరేషన్ తేదీని ఎంచుకునే వీలుంటే, వైద్యం ఆలస్యం కానంతవరకు, ఇంట్లో తోడుండే మనిషి ఎవరో ఖాయమయ్యాకే పెట్టుకోవాలి.

డ్రెయిన్ గొట్టాన్ని ఎలా చూసుకోవాలో ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకొని ఇంటికి రావాలి. సబ్బుతో చేతులు కడుక్కొని, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో ఉందో తేదీతో నోటుబుక్కులో రాయాలి. సాధారణంగా 24 గంటల్లో 30 మిల్లీలీటర్లకు తక్కువ, వరుసగా రెండు రోజులు వస్తే తీస్తారు. తీశాక మళ్లీ నీరు చేరి రొమ్ము పక్కన నీళ్లు తొణికినట్టు ఉండవచ్చు. కొద్దిగా ఉంటే శరీరమే పీల్చుకుంటుంది. ఎక్కువైతే సూదితో తీయాలి, కానీ లోపల ఇంప్లాంట్ ఉంది. సూది దానికి తగిలితే చిరుగుతుంది, సూదితో పాటు సూక్ష్మజీవులు వెళితే ఇంప్లాంట్ పోతుంది. అందువల్ల ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఆ నీరు తీయించుకోకూడదు. వారు జ్వరానికి, దెబ్బకు ఎంత సాయపడినా ఈ పని వారిది కాదు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ చూస్తూ తీయగల సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

చెయ్యి, భుజం

చంక గ్రంథులు తీస్తే చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. ఒకటి రెండు కాపలా గ్రంథులు (క్యాన్సర్ పాకితే ముందుగా చేరే గ్రంథులు) మాత్రమే తీసినప్పుడు సుమారు 20 మందిలో ఒకరికి, చంకంతా శుభ్రం చేసినప్పుడు సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. రోబో వాడినంత మాత్రాన ఈ లెక్క తగ్గుతుందని ఆశ పెట్టుకోకూడదు. బిగుతైన గాజులు, బిగుతైన జాకెట్టు చేతులు మానాలి. పత్తి తీసేటప్పుడు, వేరుశనగ వొలిచేటప్పుడు, కొడవలి పట్టినప్పుడు ఆ చేతికి గాట్లు పడకుండా చూసుకోవాలి; పడితే కడిగి మందు రాయాలి, ఎర్రగా పాకితే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. అలాగని చెయ్యిని కదపకుండా ఉంచుకుంటే భుజం బిగుసుకుపోతుంది. మొదటి రోజు నుంచే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదపాలి. డ్రెయిన్ ఉన్నన్నాళ్లు చేతిని భుజం ఎత్తు దాటించకుండా, అది తీశాక సర్జన్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా పైకెత్తాలి. తల దువ్వుకోవడమే మంచి వ్యాయామం.

దగ్గర పెట్టుకోవలసిన కాగితాలు

నగరంలో ఆపరేషన్ చేయించుకున్న మనిషి అర్ధరాత్రి జ్వరంతో కడప రిమ్స్‌కో, అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రికో వస్తే అక్కడి డ్యూటీ డాక్టర్‌కు తెలియాల్సింది ఒక్క చూపులో అందాలి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ వివరాల కాగితం, బయాప్సీ రిపోర్టు, ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, నంబరు ఉన్న కార్డు, వాడుతున్న మందుల చీటీ, సర్జన్‌ను నేరుగా పట్టుకోగల ఫోన్ నంబరు ఒకే కవరులో ఉంచాలి. ఆ ఫోన్ నంబరు ఇవ్వని ఆసుపత్రి నుంచి అది రాయించుకోకుండా బయటికి రాకూడదు.

గాయం మానాక కూడా ఈ కవరు అవసరమే. రేడియేషన్ తీసుకున్నవారికి ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడి రొమ్ము బిగుసుకునే అవకాశం ఎక్కువ. అది నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. చర్మం కింద కొద్దిపాటి రొమ్ము కణజాలం మిగిలే వీలుంటుంది గనుక క్యాన్సర్ పరీక్షలు మానకూడదు: సర్జన్ చెప్పిన గడువుల్లో చేతి పరీక్ష, రెండో రొమ్ముకు ఏటా మామోగ్రామ్ చేయించుకోవాలి. ఆపరేషన్ చేసిన వైపు కొత్తగా గట్టి గడ్డ తగిలితే, పరీక్ష చేసేవారికి లోపల ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పి కార్డు చూపించి, సూది పరీక్షను అల్ట్రాసౌండ్ చూస్తూనే చేయమని అడగాలి.